ఆకుల సంచికి ఏ గుడ్డ?

అనగా అనగా, తమలపాకు తోటల ఊరొకటి ఉండేదర్రా. ఆ ఊళ్ళో నూకాలమ్మని ఒక కోడలు. మొగుడు అప్పలకొండ. మంచివాడే కానీ వాడి నోట్లోంచి మాట రావాలంటే పూట పడుతుంది. అత్త పైడమ్మకి మాత్రం నోరు మూత పడదు. ఊ అనండి మరి, లేకపోతే నేనూ దుప్పటి కప్పేసుకుంటాను.

వాళ్ళు సాగుచేసే ఆకుతోట రాజుగారిది. రాజుగారికి రోజూ భోజనం కాగానే లేతాకు తాంబూలం పడాలి. పడలేదో, కనబడ్డవాళ్ళనల్లా కసురుకుంటాడు. కోటేమో రెండామడల దూరం. అందుకని అప్పలకొండకి ఒక సైకిలు ఇప్పించాడు. ఏమిట్రా, రాజుల కాలంలో సైకిలేమిటంటావా? నా కథ, నా రాజు, నా సైకిలు. నోరు మూసుకుని ఊ కొట్టు.

వెనకాల బుట్ట కట్టుకుని వెళ్తే ఎండకీ గాలికీ ఆకులు అప్పడాల్లా అయిపోయాయి. రాజుగారు మండిపడ్డాడు. ఇంకో మూడుసార్లు చూస్తాను, మూడోసారి కూడా ఇలాగే తెస్తే తోట ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానన్నాడు. తోట పోతే వాళ్ళకింకేముందమ్మా? తాతలనాటి నుంచీ ఆ తీగలే అన్నం పెడుతున్నాయి. నూకాలమ్మ ఆలోచనలో పడింది. సైకిలు వెనక అటూ ఇటూ వేలాడేలా జంట సంచులు కుడదామనుకుంది. కుట్టడం వచ్చు. కానీ ఏ గుడ్డతో? అక్కడొచ్చింది చిక్కు.

అత్త, ఇంకేం గుడ్డ, రాజుగారింటికి వెళ్ళేది పట్టే అంది. తన పెళ్ళినాటి చీర తీసిచ్చింది కూడాను. కుట్టింది నూకాలమ్మ. ధగధగా మెరిసింది సంచి. సగం దారిలో జర్రున జారి చక్రం పుల్లల్లో దూరింది. చీర పీలికలు, ఆకులు మట్టిపాలు, అప్పలకొండ మోకాలు చెక్కుకుపోయింది. ఒకసారి అయిపోయింది.

బండి తోలే సింహాద్రి వచ్చి, పట్టేమిటమ్మా పిచ్చిగానీ, టార్పాలిను వెయ్యి, వానొచ్చినా చుక్క దిగదన్నాడు. సరే, అదీ కుట్టింది. చిరగలేదు, జారలేదు. కోటలో మూత తీసేసరికి గుప్పున ఆవిరి! ఆకులన్నీ పప్పులో ఉడికిన తోటకూరలా ఉన్నాయి. రెండుసార్లు అయిపోయాయి. వింటున్నారా?

ఇహ ఊరు ఊరంతా వాళ్ళ వాకిట్లోనే. ఒకరు ఖాకీ అంటారు, ఒకరు దుప్పటిగుడ్డ అంటారు, ఇంకొకావిడ మా పిల్లాడి లాగు గుడ్డ మిగిలింది తెమ్మంటావా అంటుంది. నూకాలమ్మకి తల తిరిగిపోయింది. గాలి ఆడాలంటే పల్చన కావాలి, పల్చనైతే చిరుగుతుంది. చిరగకూడదంటే మందం కావాలి, మందమైతే ఉడుకుతుంది. పట్టైతే జారుడు, పాతచీరైతే చిరుగుడు, టార్పాలినైతే ఉడుకుడు, ఖాకీ అయితే ఒరుపుడు! తిప్పి తిప్పి అదే అనుకుంటూ కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది, చారులో అసలు వెయ్యలేదు.

చివరికి ఏడుపొచ్చి, ఛీ, వీళ్ళనీ వాళ్ళనీ కాదు, ఆకునే అడుగుతాననుకుంది. ఆకు నోరు విప్పదుగా! అందుకని తనే ఆకైపోయింది. ఎలాగంటే, ఊళ్ళోవాళ్ళిచ్చిన గుడ్డలన్నీ సంచుల్లా కుట్టి, మిట్టమధ్యాహ్నం వాకిట్లో కూచుని ఒక్కొక్కటే తలకి తొడుక్కుంది.

పైడమ్మ చూసి, ఓరి నాయనో, నా కోడలికి గాలి సోకిందిరోయ్ అని కేకలు పెట్టింది. భూతవైద్యుడు వేపమండలు పుచ్చుకుని పరిగెత్తుకొచ్చాడు. ఎవరు నువ్వు, చెప్పు అని గద్దించాడు. సంచిలోంచి నూకాలమ్మ, "నేను ఆకుని, కాసేపు ఉండండి" అంది. ఇంకేముంది, తమలపాకు దయ్యమని తేల్చేశాడు. మండలతో చరుస్తున్నాడు, ఆవిడ ఒక సంచి తీసి ఇంకోటి తొడుక్కుంటోంది. టార్పాలినులో ఊపిరాడలేదు. ఖాకీ బుగ్గలు గీరేసింది. పల్చటి గుడ్డలో మాడు మాడిపోయింది. ఏదీ కాదు. ఆఖరికి బియ్యం పోసుకునే గోనె ఒకటి ఉతికి, నీళ్ళు పిండి తొడుక్కుంది. అబ్బ! లోపల చల్లగా, గాలి ఆడుతూ... కూచున్నది కూచున్నట్టే గుర్రు పెట్టింది. దయ్యం దిగిపోయిందని భూతవైద్యుడు కొబ్బరికాయ పుచ్చుకుని వెళ్ళిపోయాడు.

లేచి గోనెతో కుడతానంటే పైడమ్మ ఒప్పుకోదే! హవ్వ, రాజుగారి నోట్లోకెళ్ళే ఆకు గోనెసంచిలోనా, తల ఎక్కడ పెట్టుకోమంటావంది. నూకాలమ్మకి ఒళ్ళు మండింది. "తోటే పోయాక తల ఎక్కడ పెట్టుకుంటాం అత్తా?" అంది. అత్త గొణుక్కుంటూనే దబ్బనం తెచ్చి చేతిలో పెట్టింది. నూకాలమ్మ గోనె కుట్టి, పుల్లలకి తగలకుండా వెదురుబద్దలు కట్టి, తడిపి, మొగుణ్ణి పంపించింది.

పంపించింది కానీ ప్రాణం ప్రాణంలో లేదు. గోనె చూసి గుమ్మంలోనే తరిమేస్తే? దారిలో తడి ఆరిపోతే? మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది, దీపాలవేళ అప్పలకొండ వచ్చాడు. ఏమైంది అంది. మాట్లాడడు. తోట ఉందా పోయిందా అంది. మాట్లాడడు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి, తల అడ్డంగా ఊపుతాడు, నిలువుగా ఊపుతాడు. ఏడుపు దిగమింగుకుంటున్నాడనుకుని పైడమ్మ అప్పుడే శోకాలు మొదలెట్టింది. నూకాలమ్మ వాడి భుజాలు పట్టుకుని కుదిపేస్తే, అప్పుడు తెరిచాడర్రా నోరు. ఎర్రగా! మోదుగుపువ్వంత ఎర్రగా!

ఆకులు అప్పుడే కోసినట్టున్నాయని మెచ్చుకుని, రాజుగారు తన పళ్ళెంలోంచి తీసి స్వయంగా తాంబూలం ఇచ్చాడట. తాంబూలం ఇచ్చాడంటే మాటిచ్చినట్టేగా, తోట వాళ్ళకే ఖాయం. అది ఇంట్లోవాళ్ళకి చూపించాలని ఆ పిచ్చిమారాజు రెండామడలూ నోట్లో దాచుకుని, ఉమ్మకుండా, మింగకుండా తొక్కుకుంటూ వచ్చాడు. పంచెకొంగులోంచి ఇంకో తాంబూలపు చిలక తీసి నూకాలమ్మ చేతిలో పెట్టి, "గుడ్డ ఎంచినావిడకి ఇమ్మన్నారు" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక తోటలో మేలాకు ఆవిడ నోట్లోకి వెళ్ళడం అదే మొదలు. నములుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది.

అందుకని సంచి కుట్టేటప్పుడు చూసేవాళ్ళని కాదర్రా, లోపలుండేవాళ్ళని అడగాలి. కథ సైకిలెక్కి కంచికి పోయింది, మనం కళ్ళు మూసుకుని నిద్రలోకి.