కుళ్ళుమోతు అక్క, రెండు ముక్కల కీబోర్డు

అనగనగా ఒక ఊళ్ళో, బస్టాండు వెనక సందులో, ఇద్దరు అక్కచెల్లెళ్ళు శుభలేఖలు కొట్టే దుకాణం పెట్టుకున్నారు. అక్క వకుళ, చెల్లెలు హైమ.

హైమకి మణికట్టు నొప్పి. అందుకని తనకోసం తనే ఒక కీబోర్డు చేసుకుంది. మామూలుది కాదమ్మా, ఎడం చేతికో ముక్క, కుడి చేతికో ముక్క. ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలో కూడా తనే రాసి లోపలికి ఎక్కించింది. దాన్నేమంటారబ్బా... ఆ, ఫర్మ్‌వేర్. మరిచిపోయాననుకున్నావు కదూ! దాన్ని రెండు ముక్కల్లోనూ ఎక్కించాలి. కంప్యూటరు తీగ ఏ ముక్కకి గుచ్చితే ఆ ముక్క చెప్పిందే చెల్లుతుంది.

వచ్చినవాళ్ళంతా ఆ కీబోర్డునే చూసేవాళ్ళు. పని హైమకే ఇచ్చేవాళ్ళు. వకుళకి కడుపు మండిపోయింది. "దానికి రెండు, నాకు ఒకటీనా?" అనుకుంది. నాకూ కావాలని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

మొదట, చెల్లెలు లేనప్పుడు దాని మీద కొట్టి చూసింది. వకుళ వేళ్ళకి పాత టైపు మిషను అక్షరాల వరసే అలవాటు. అన్నీ తప్పులే వచ్చాయి.

ఆ తర్వాత, అక్షరాలు ఎలా ఎక్కిస్తుందో చెల్లెలి వెనక నిలబడి చూసి నేర్చుకుంది.

ఆ తర్వాత, హైమ భోజనానికి వెళ్ళగానే తన వరస రాసి ఎడమ ముక్కలోకి ఎక్కించేసింది. కుడిదానికి తీగ మార్చబోతుంటే గుమ్మంలో హైమ చెప్పుల చప్పుడు! గబుక్కున తీగ ఎడమదానికే వదిలేసి లేచి పక్కకి తప్పుకుంది.

అప్పుడు పెళ్ళివారొచ్చి సాయంత్రానికి శుభలేఖ కావాలన్నారు. హైమ పెళ్ళికూతురి పేరు కొడితే పిచ్చి రాతలొచ్చాయి.

"ఏమైందే నీ రెండు ముక్కల రాణికి? లే, నా పాత కీబోర్డు మీద కొడతాను" అంది వకుళ, లోపల్లోపల నవ్వుకుంటూ.

హైమ తీగ పీకి కుడి ముక్కకి గుచ్చింది. పేరు చక్కగా వచ్చింది! మళ్ళీ ఎడమదానికి గుచ్చి, మీటలు ఒక్కొక్కటే నొక్కి చూసింది.

"అక్కా, ఇది నీ టైపు మిషను వరస కదూ?"

వకుళ తల దించుకుంది. "అందరూ నీ దగ్గరికే వస్తున్నారే. నన్నెవరూ పిలవడం లేదు."

హైమ కాసేపు మూతి ముడుచుకుంది. అప్పుడు కుర్చీ అక్క వైపు తోసింది. "సరే, ఎక్కించావుగా, నువ్వే కొట్టు."

వకుళ కొట్టింది. శుభలేఖ సాయంత్రానికి అందింది.

మరి కుళ్ళు పోయిందా అంటావా? ఎక్కడ పోతుంది! మర్నాటి నుంచి తీగ ఎవరి ముక్కకి ఎక్కువసేపు ఉందని రోజూ తగువే. కానీ ఒకరి ముక్కలో వరస ఇంకొకరు మాత్రం ముట్టుకోలేదు.

ఎడమ ముక్క అక్కకి,
కుడి ముక్క చెల్లికి,
కథేమో కంచికి,
కళ్ళేమో నిద్రకి.