పారబోసిన గోరింటాకు

ఖైరున్నీసా ఆపా ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పేది కాదు. ముందు అడిగినవాళ్ల చేతులు తిప్పి చూసేది. కడపలో ముప్పై ఏళ్లుగా పెళ్లికూతుళ్లకు గోరింటాకు పెడుతున్న మనిషి, అలవాటైపోయింది.

ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న హైమ ఒక బుధవారం సాయంత్రం అడిగింది. "ఆపా, నాకు పని వచ్చిందో లేదో ఎట్లా తెలుస్తుంది?"

మర్నాడు హైమ ఒక్కతే వెళ్లి ఒక పెళ్లికూతురికి పెట్టాలి. మొదటిసారి. అందుకని సోమవారం నుంచి రోజూ ఆపా ఇంట్లోనే పొడి జల్లించి, నిమ్మరసం, చక్కెర, కాస్త నీలగిరి తైలం వేసి కలుపుతోంది. పొద్దున కలిపింది సాయంత్రం దాకా నాననిచ్చి, అరచేతిలో చుక్క పెట్టుకుని, గంటకు తీసి చూస్తే నారింజ తొక్క రంగు. అంగట్లో కొన్న కోన్ అయితే పది నిమిషాలకే నల్లగా పట్టేస్తుంది. సిగ్గేసి ఆ చుక్కని సబ్బుతో రుద్దేసుకుని, గిన్నె మొత్తం పెరట్లో పారబోసింది. మంగళవారమూ అంతే. ఇవాళ మూడో గిన్నె, మళ్లీ అదే రంగు. ఆ పిల్ల పెళ్లి నా చేత్తో పాడుచేయలేను, ఇంకెవరినైనా పంపండి అని చెప్పేసింది.

ఆపా హైమ చేతులు చూసింది. రుద్ది రుద్ది అరచెయ్యి కమిలిపోయింది. అప్పుడు తన ఎడమ చెయ్యి చాపింది. అందులో మూడు చుక్కలు. ఒకటి నారింజ, ఒకటి ఇటుక రంగు, ఒకటి బాగా పండి కాఫీ గింజలా ఉంది.

"వీటిల్లో నువ్వు కలిపిందేదో చెప్పు."

హైమ తడుముకోకుండా నారింజ చుక్క చూపించింది. అట్లా నల్లగా పండాలంటే మీ చెయ్యి పడాల్సిందే ఆపా, అని కూడా అంది.

ఆపా నవ్వింది. నారింజది ఇవాళ్టి గిన్నెలోదట. ఇటుక రంగుది నిన్నటిదట.

"ఈ నల్లదేమో, సోమవారం నువ్వు పారబోయకముందు వేలితో తీసి పెట్టుకున్నా."

హైమ ఆ చుక్క వంక చూసింది. తర్వాత వేళ్ల మీద లెక్కేసుకుంది. "పెట్టేది రేపు. పెళ్లి శనివారం కదా ఆపా?"

ఆపా లేచి మూడో గిన్నె మీద మూత పెట్టింది.

"రేపు ఆ పిల్లకొక మాట చెప్పు. రంగు చూసి గాబరాపడి సబ్బు జోలికి పోవద్దని."