వేదాద్రి డిఫీట్

వేదాద్రి తన రెండు పంచెలూ మూటగట్టుకుని ఆశ్రమం వదిలి వెళ్లిపోవడానికి సిద్ధమయ్యాడు.

ముందురోజు పాలకొండలో జరిగిన వేదాంత సభలో అతని పరువు పోయింది. నాలుగేళ్లుగా చదివిందంతా గడగడా అప్పజెప్పాడు. ఎదుటి పండితుడు నెమ్మదస్తుడే. చివరిదాకా విని, "బాగుంది నాయనా. ఇప్పుడిదే ముందు వరసలో వాళ్లకి అర్థమయ్యేలా రెండు మాటల్లో చెప్పు" అన్నాడు. వేదాద్రి నోరు పెగల్లేదు. ముందు వరస నవ్వింది. వెనక వరసలు కూడా నవ్వాయి. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా అతనికి ఏడుపొస్తోంది.

"డిఫీటయిపోయాను స్వామీ. ఈ చదువు నాకు అబ్బదు. మా ఊరెళ్లి ఏ కిరాణా కొట్టో పెట్టుకుంటాను" అన్నాడు గురువుగారి ముందు నిలబడి.

గురువు అచలానంద స్వామి కాషాయం కట్టకముందు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు. ఊరూ ఉద్యోగమూ వదిలేశారు గానీ, ఆ అలవాటు మాత్రం వదల్లేకపోయారు. శిష్యుడు కళ్లనీళ్లు పెట్టుకుంటున్నా సరే, ఇంగ్లీషు మాట చెవిన పడితే దాని పుట్టుపూర్వోత్తరాలు తియ్యందే ఊరుకోరు.

"డిఫీట్ అంటే?"

"ఓటమి స్వామీ."

"అది ఇప్పటి వాడుక. పాత ఫ్రెంచిలోంచి వచ్చిన మాట. చేసినదాన్ని విప్పేయడం అని దాని పాత అర్థం. సరే, వెళ్దువుగాని. వెళ్లేముందు నా మంచం కాస్త విప్పిపెట్టు."

స్వామివారి నులక మంచం ఉయ్యాలలా దిగబడిపోయింది. కాళ్లవైపు తాడు ఎంత లాగి కట్టినా బిగియడం లేదు. వేదాద్రి లోపల విసుక్కుంటూనే ముళ్లు విప్పి, నులకంతా ఊడలాగి ఉండగా చుట్టాడు. ఖాళీ చట్రం మిగిలింది.

"వెళ్లొస్తాను స్వామీ."

"మంచిది. మరి రాత్రికి నేనెక్కడ పడుకోను? ఈ కర్రల మీదా?"

వేదాద్రికి నవ్వాగలేదు. మూట దించి అల్లడం మొదలుపెట్టాడు. స్వామి ఎదురుగా కూర్చుని, బిగువు చాలనిచోట వేలితో మీటి, "ఇక్కడ మళ్లీ" అనేవారు. ఒకసారైతే అల్లినంతమేరా విప్పించారు కూడా. శిష్యుడి వేళ్లు కందిపోయినా ఆయనకి జాలి కలగలేదు.

పొద్దు వాలేసరికి మంచం తయారైంది. స్వామి ఎక్కి కూర్చుని, చిన్నపిల్లాడిలా ఓసారి ఎగిరి చూసుకున్నారు. మంచం కిమ్మనలేదు.

"భేషుగ్గా ఉంది. పాత నులకేనా?"

"అదే స్వామీ. కొత్తది మూరెడైనా కలపలేదు."

"ఇంతకీ నిన్న ఆ పండితుడు నిన్ను విప్పేశాడన్నావు" అన్నారు స్వామి తీరిగ్గా నడుం వాలుస్తూ. "వెళ్తూ వెళ్తూ నీ నులకేమైనా పట్టుకుపోయాడా?"