నక్క తెచ్చిన పురిటి సాక్ష్యం

తుమ్మల మడుగు దగ్గర బతికే జీవాలకు ఏడాదికోసారి ఓ తలనొప్పి. ఎండలు ముదిరి నీళ్లు తగ్గగానే మడుగుకు కాపరిని ఎన్నుకోవాలి. తలా ఒక గులకరాయి తెచ్చి, నచ్చినవాళ్ల ముందు వెయ్యడమే ఓటు. ఈసారి నిలబడ్డది గేదె పోలమ్మ, నక్క సన్నాసి.

నక్కకి కాపలా ఏమిటండీ, కంచే చేను మేస్తానని ముందే చాటింపు వేసినట్టు! గట్టు మీది తుమ్మచెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగల గూళ్లు. గాలి విసురుకి పిల్లలు కిందపడుతుంటాయి. కాపరి పోలమ్మ అయితే వాటికి రెక్కలొచ్చేదాకా పక్కనే కొమ్ములు వంచి నిలబడుతుంది. సన్నాసి అయితే ఏం చేస్తాడో నేను చెప్పాలా? అందుకే కొంగ పైడమ్మకు ఈ ఓటు తన పిల్లల ప్రాణంతో సమానం.

కొంగల రాళ్లన్నీ పోలమ్మకే పడతాయని సన్నాసికి తెలుసు. సభలో లేచి గొంతు సవరించుకున్నాడు.

"పోయినేడు పొరుగు మడుగు కాకులొచ్చి మన దగ్గర రాళ్లు వేసిపోయాయా, లేదా?"

"వేశాయి! ఆ తిక్క కోతి కాపరిగా మన నెత్తినెక్కింది వాటి వల్లే," అంది అడవికోడి. అది నిజమే. అబద్ధమాడితే నాకేం ఒరుగుతుంది?

"మరి ఓటేసేవాళ్లు మనవాళ్లేనని రుజువు చూపించమంటే తప్పా?"

"తప్పేముంది నాయనా," అంది పోలమ్మ నెమరేసుకుంటూ. దానిదంతా వెర్రి మంచితనం.

"అయితే ఇక్కడే పుట్టి ఉండాలి. పుట్టగా చూసిన సాక్షిని తేవాలి. ఏడాదిలో సగం రోజులు ఎగిరిపోయేవాళ్లకి ఇక్కడేం పని?" అన్నాడు సన్నాసి, పైడమ్మ వైపు ఓరగా చూస్తూ.

అందరూ బుర్రలూపారు. 

ముందు కుందేలు వచ్చింది. "మా అమ్మ తొలికాన్పుకి పుట్టింటికి వెళ్లింది బాబూ. నేను పుట్టింది గుట్ట అవతల, అమ్మమ్మ వాళ్ల పొదలో."

"నీకు లేదు. పక్కకి జరుగు."

"నాదీ అదే కథ," అని అడవికోడి నసిగింది.

"నీకూ లేదు. పోలమ్మత్తా, నీ సంగతి?"

"నన్ను సంత నుంచి తోలుకొచ్చారు కదరా. నా దూడలన్నీ ఇక్కడే పుట్టాయి గానీ..."

"దూడల సంగతి ఎవరడిగారు? ఓటే లేనిదానివి, పోటీకెలా నిలబడతావు?" సన్నాసి తోక ఆనందంతో ఆడింది. పైడమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

"మరి నీ సాక్షి ఎవరయ్యా?" అంది ఉక్రోషంగా అడవికోడి.

"మా అమ్మే!" అన్నాడు సన్నాసి దర్జాగా.

ముసలి నక్క కుంటుకుంటూ వచ్చింది. కొడుక్కి ఇన్నాళ్లకి తన అవసరం పడిందని దాని మొహం వెలిగిపోతోంది.

"వీడి పుట్టుక నేను చెప్పకపోతే ఎవరు చెబుతారమ్మా! వీడు నా తొలిచూలు. ఏడో నెలలోనే మా అన్నయ్య వచ్చి కొండ అవతలికి తీసుకెళ్లాడు. అక్కడ మా అమ్మ ఎంత బాగా చూసుకుందని! వీడు కళ్లు తెరిచింది మా పుట్టింటి గుహలోనే..."

"అమ్మా, చాలు!"

"ఉండరా, చెప్పనీ. ముక్కు అచ్చం వాళ్ల మేనమామది!"

మడుగంతా పగలబడి నవ్వింది. సన్నాసి తోక కాళ్ల సందున చేరింది.

అప్పుడు పైడమ్మ మెల్లగా కిందికి దిగింది. "మీ అందరికీ అమ్మమ్మగారిల్లు ఎక్కడో ఉంది. మాకు ఇదే అమ్మమ్మగారిల్లు. మేం ఏటా పురిటికి వచ్చేది ఇక్కడికే. నేను పుట్టిన కొమ్మ అదిగో. పుట్టగా చూసిన మా అమ్మ దాని పక్క కొమ్మ మీదే కూర్చుంది. సన్నాసి లెక్కన ఇక్కడ ఓటున్నది మా కొంగలకే."

నవ్వులు ఆగిపోయాయి. అందరూ బిక్కమొహాలు వేశారు.

"భయపడకండి," అంది పైడమ్మ. "కాకుల్ని ఆపాల్సిందే, కాదనను. దానికి ఇంత రాద్ధాంతం ఎందుకు? ఇంటివాళ్లు కాక ఇక్కడ మసిలేవాళ్లు ఇద్దరు ముందుకొచ్చి 'మావాళ్లే' అంటే చాలు."

క్షణంలో అందరికీ సాక్షులు దొరికారు. సన్నాసి పక్కన మాత్రం ఎవరూ నిలబడలేదు. ముసలి తల్లి అందరి మొహాల్లోకీ దీనంగా చూసింది.

"మావాడే," అంది పోలమ్మ. "దొంగవెధవే, కానీ మావాడే."

పైడమ్మ తన గూటి వైపు ఒకసారి చూసుకుని నిట్టూర్చింది. "సరే. మావాడే."

సన్నాసి తల ఎత్తలేకపోయాడు. అయినా బుద్ధి ఎక్కడికి పోతుంది? తన రాయి తన ముందే వేసుకున్నాడు. చివరికి వాడికి పడింది ఆ ఒక్క రాయే. కన్నతల్లి రాయి కూడా పోలమ్మకే పడింది.

ఊరికి గడప ఉండాల్సిందే గానీ, దాన్ని పెట్టేముందు మన అమ్మ ఏ గడప దాటి వచ్చిందో ఓసారి అడిగి తెలుసుకోవాలి.