ఉప్పు మడిలో పాచి

దస్తగిరికి నమాజులో మనసు నిలవడం లేదు. నిలబడితే చాలు, అక్క వండే రొయ్యల కూర, తమ్ముడితో పడ్డ తగవు గుర్తొస్తున్నాయి. మూడేళ్ల సాధన నీళ్లపాలైందని కుమిలిపోయాడు.

"బాబా, నా మనసులో మురికి గీకిపారేసే దారి చెప్పండి," అని అడిగాడు.

సముద్రం ఒడ్డున ఆ చిన్న దర్గాను చూసుకునే కంబలి బాబా, "ముందా పెద్ద మడికి నీళ్లు పెట్టిరా పో," అన్నారు.

దర్గాకి నాలుగు ఉప్పు మళ్లున్నాయి. సముద్రపు నీళ్లు ముందు పెద్ద మడిలో నిలిచి, ఎండకి చిక్కబడాలి. ఆ తర్వాతే చిన్న మళ్లలోకి వెళ్లి ఉప్పవుతాయి. చేపలు ఎండబెట్టుకునే పల్లెవాళ్లకి ఏటా ఆ ఉప్పే ఆధారం.

పెద్ద మడి అడుగున నల్లపచ్చగా, జిగటగా పాచి పట్టి ఉంది. దస్తగిరికి తన మనసే కనబడ్డట్టయి ఒళ్లు మండింది. పార తెచ్చి మట్టి తేలేదాకా చెక్కి, పాచినంతా గట్టు మీద పోశాడు. నడుం విరిగినా సంబరంగా బాబాని పిలుచుకొచ్చాడు.

"పెళ్లింట్లో అలికినట్టుందే! సరే, నీళ్లు వదులు," అన్నారు బాబా.

నాలుగో రోజుకి మడిలో చుక్క లేదు. ఎన్నిసార్లు వదిలినా నేల తాగేస్తోంది.

దస్తగిరి మూట సర్దుకున్నాడు. "పల్లె ఉప్పు నా చేతులారా పోగొట్టాను. నేనిక్కడ ఉండదగను బాబా."

బాబా గట్టు మీద అప్పడాల్లా ఎండిన పాచి పెళ్లలు ఏరి అతని చేతుల్లో పెట్టారు.

"ఇవింకా చావలేదురా. కంటికి ఆనని ప్రాణులు లెక్కలేనన్ని ఉన్నాయి వీటిలో. అడుగున అల్లుకుని నీళ్లు ఇంకకుండా కాసేవి అవే. మూట కింద పెట్టు, తడిపి పరుద్దాం పద."

ఇద్దరూ వంగి పరిచారు. రోజూ పలచగా నీళ్లు పెట్టారు. కొన్నాళ్లకి నేల మీద పచ్చదనం తిరిగింది. రెండో నెలలో పెద్ద మడి నిండుగా నిలిచింది. ఆలస్యమైతే అయింది గానీ, పల్లెవాళ్ల తట్టలు నిండాయి.

బాబా కొత్త ఉప్పు చిటికెడు తీసి దస్తగిరి నాలుక మీద వేశారు.

"మురికి రుచి ఏమన్నా తగిలిందా నాయనా?"

దస్తగిరి కళ్లలో నీళ్లు తిరిగాయి. లేదన్నట్టు తలూపాడు.

ఆ సాయంత్రం నమాజులో మళ్లీ అక్క రొయ్యల కూర గుర్తొచ్చింది. ఈసారి తరమలేదు. తమ్ముడి పేరు కూడా కలిపి, ఇద్దరికీ దువా చేశాడు.