గాడి కింద తూటాలు

అడవిని ఆనుకుని ఉన్న జిల్లేడుపాడులో చెంగల్రాయుడనే వేరుశనగ రైతు ఉండేవాడు. ఏ సరుకు కరువవుతుందని విన్నా, అది తన ఇంట్లో నిండేదాకా అతడికి ముద్ద దిగేది కాదు.

ఆ ఊరికి అడవిపందుల బెడద ఎక్కువ. అందుకే పంట కాపలా కోసం చెంగల్రాయుడికీ, పక్క పొలం ఓబులేసుకీ లైసెన్సు తుపాకులు ఉండేవి. అడవి దిగిన పందులు ముందు ఓబులేసు చేలో పడేవి. అక్కడ అడ్డు లేకపోతే చెంగల్రాయుడి చేలోకి వచ్చేవి. ఓబులేసు గాలిలోకి ఒక్క తూటా పేలిస్తే చాలు, మంద మొత్తం అడవి దారి పట్టేది.

ఆ ఏడు తూటాల ధర పెరగడం మొదలైంది. పట్నంలోని దుకాణానికి వెళ్లిన ప్రతిసారీ చెంగల్రాయుడికి కొత్త రేటు వినిపించేది.

"మళ్లీ సరుకు ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు ఒకసారి.

"పైనుంచే రావడం లేదు. వచ్చినప్పుడు మాట," అన్నాడు దుకాణదారు.

తన లైసెన్సు మీద ఇచ్చినన్ని తూటాలు చెంగల్రాయుడు అప్పుడే కొనేశాడు. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ, ఖాళీ తుపాకీతో పందుల మంద ఎదుట నిలబడ్డట్టే ఉంది అతడికి. తన లైసెన్సు మీద కొన్నవి చాలక, మర్నాడు బావమరిది లైసెన్సు మీద కూడా తెచ్చాడు. దుకాణంలో మిగిలినవన్నీ ఊడ్చుకొచ్చినట్టయింది. ఇంట్లో ఉంటే ఎవరి కంటైనా పడతాయని కొట్టంలో ఎద్దులు మేత మేసే గాడి కింద గొయ్యి తీసి, కుండలో పెట్టి పాతాడు.

"గింజలైతే మొలుస్తాయి. తూటాలు పాతితే ఏం మొలుస్తుంది?" అంది భార్య అంకమ్మ.

"నీకు తెలీదు, ఊరుకో. రేపు బంగారం పెట్టినా దొరకవు," అన్నాడతడు.

కాయలు ఊరే వేళకు ఓబులేసు వచ్చాడు. అతడి ముఖం వాడిపోయి ఉంది.

"అన్నా, నా దగ్గర తూటాలు అయిపోయాయి. దుకాణంలో లేవంటున్నారు. పందులు ఊరి మీద పడేలా ఉన్నాయి. రెండో మూడో సర్దితే, సరుకు రాగానే తెచ్చిస్తా."

చెంగల్రాయుడి చూపు కొట్టం వైపు పోబోయింది. బలవంతంగా తిప్పుకున్నాడు. "నా దగ్గర మాత్రం ఎక్కడున్నాయి ఓబులేసూ? నేనూ అదే దిగులుతో ఉన్నా," అన్నాడు.

ఓబులేసు నమ్మాడు. "డబ్బా కొట్టి తోలుకుంటాలే అన్నా," అంటూ వెళ్లిపోయాడు.

తర్వాత ముసురు పట్టింది. అది వెలిసిన రోజు పొద్దున్నే పొలం వైపు నుంచి డబ్బా మోత వినిపించింది. ఉన్నట్టుండి మోత ఆగింది. వెంటనే ఓబులేసు కేక!

చెంగల్రాయుడు తుపాకీ అందుకుని కొట్టంలోకి పరిగెత్తి చేతులతోనే మన్ను తోడాడు. కుండలో తూటాలు చెమ్మకు ఉబ్బిపోయి ఉన్నాయి. ఒకటి దూర్చబోతే తుపాకీ గొట్టంలోకి దిగలేదు. ఇంకొకటి దిగింది గానీ, చేను గట్టు మీద నిలబడి మీట నొక్కితే టిక్కుమంది, అంతే. ఎదురుగా కోరల పంది ఓబులేసును కుమ్ముతోంది. చెంగల్రాయుడు తుపాకీని కర్రలా తిప్పుతూ, అరుస్తూ దాని మీదికి ఉరికాడు. ఊళ్లోవాళ్లు కర్రలతో వచ్చి పడ్డాకే అది వదిలింది. అప్పటికే ఓబులేసు తొడ చీలిపోయింది. మిగతా మంద రెండు చేలనూ తవ్విపోసింది.

ఆసుపత్రిలో కళ్లు తెరిచిన ఓబులేసు, "పాపం, నీ దగ్గరా లేకపోయాయి. అయినా ప్రాణానికి తెగించి వచ్చావన్నా," అంటూ చేయి పట్టుకున్నాడు.

పంది కోరకన్నా ఆ మాట లోతుగా దిగింది. "ఉన్నాయి ఓబులేసూ! నువ్వు అడిగిన రోజు మంచివే ఉన్నాయి. నేనే దాచాను," అన్నాడు చెంగల్రాయుడు.

ఓబులేసు మెల్లగా చేయి వెనక్కి తీసుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అతడు మళ్లీ లేచి నడిచాడు గానీ, చెంగల్రాయుణ్ణి మళ్లీ ఎన్నడూ 'అన్నా' అని పిలవలేదు.

కరువు భయంతో పదిమందికి అక్కరకొచ్చేదాన్ని ఒక్కడే దాచుకుంటే, అది అడిగినవాడికీ అందదు, దాచినవాడికీ దక్కదు.