పెడల్‌కు వదలని జాగా

పిల్లలూ, ఇంత దూరంలో పెరుగుతున్న మీకు దస్తగిరి మేస్త్రీ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. హైదరాబాదు శివార్లలో రేసు కార్టులకు, అంటే ఒక్కరే కూర్చుని నడిపే చిన్న పందెం బండ్లకు, బ్రేకులు, ఇంజన్లు చూసేవాడు. నేను విన్నది విన్నట్టే చెబుతాను.

ఆయన దగ్గర ఆరేళ్లుగా పని నేర్చుకుంటున్న హైమవతి ఒకరోజు అడిగేసింది.

"నన్ను మేస్త్రీ అని ఎప్పుడంటారు గురువుగారూ?"

"ఆదివారం ఫైనల్ ఉందిగా. మన తరఫున భార్గవ్ నడిపే బండికి బ్రేకులు నువ్వే చూడు. నేను ముట్టుకోను," అన్నాడాయన.

హైమవతి ప్రాణం పెట్టి చేసింది. బ్రేకు నూనె గొట్టంలో గాలి బుడగ ఒక్కటి కూడా మిగలనివ్వలేదు. ప్యాడ్లు మార్చింది. పెడల్ రవ్వంతైనా ఆడకుండా దాని కడ్డీని బిగించేసింది. భార్గవ్ తొక్కి చూసి, "రాయిలా ఉందక్కా! కప్పు మనదే," అన్నాడు. మేస్త్రీ అటు చూడనేలేదు.

ఆదివారం, రెండు చుట్లు తిరిగి టైర్లు వేడెక్కాక, కార్టులను మెకానిక్కులే తోసుకుంటూ పందెం మొదలయ్యే గీత మీద నిలబెట్టాలి. భార్గవ్‌ది మొదటి వరస. తోస్తుంటే హైమవతి చేతులకు బరువు తెలిసింది. పొద్దున వేలితో నెడితే కదిలిన బండి! డిస్కు దగ్గర అరచెయ్యి పెడితే సెగ కొట్టింది. పెడల్‌కు తను కాస్తంత జాగా కూడా వదల్లేదు. వేడికి పొంగిన బ్రేకు నూనె వెనక్కి పోయే దారి లేక, ప్యాడ్లు డిస్కును పట్టుకునే ఉన్నాయి. మలుపులో చక్రాలు బిగుసుకుపోతే?

గీత మీద స్పానరు పెట్టిన బండి అందరి వెనక నుంచి బయల్దేరాలి. అది ఆ ట్రాక్ నిబంధన.

"దిగు భార్గవ్."

"ఇప్పుడా? పిచ్చా అక్కా నీకు? బ్రేకు బ్రహ్మాండంగా ఉంది!"

"లేదు. నేనే ఎక్కువ బిగించాను. తప్పు నాది. దిగు."

చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేలాగే అంది. కడ్డీ కొంచెం వదులు చేసి, వెనక చక్రం చేత్తో తిప్పి, అది తేలిగ్గా తిరిగాకే వెళ్లనిచ్చింది. భార్గవ్ అందరి వెనక నుంచి బయల్దేరి ఐదోవాడిగా వచ్చాడు. హెల్మెట్ తీస్తూనే మేస్త్రీ మీదికి వెళ్లాడు.

"చేతిలోకొచ్చిన కప్పు పోయింది! ఆపొచ్చు కదా మీరైనా?"

దస్తగిరి ముఖం వెలిగిపోతోంది. "నన్నడుగుతావేంటయ్యా? ఆ బండి మేస్త్రీ అక్కడుంది. వెళ్లి ఆవిడనడుగు."

మీ తర్వాతి వాళ్లకూ ఈ కథ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం, హైమవతి ఎక్కువ బిగించిన సంగతి దాచకండి.